డోను జంక్షనులో బండి మారుట

దూరప్రయాణ మనగానే మన గృహిణులలో పెక్కురకు కలుగు భయము దూరమును గుఱించినది కాదు. బండిలో కూర్చున్న పిమ్మట దూరమును బండియే గడపును. భయమంతయు నడుమ దిగవలసిన చోటనే యున్నది. ఎచ్చట దిగవలెను? తరువాతి బండి ఏవైపున నుండును? ఇది ఆలస్యమై అది వెడలిపోయిన నేమి గతి? సామాను నెవరు చూతురు? ఈ ప్రశ్నలకు బదులు తెలియకపోవుటచేతనే, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో యున్న కూతురి పురిటికి పోవలసిన తల్లులు కొందఱు "తోడు దొరికిన వత్తును" అని కూర్చుండి, తోడు దొరకులోపల మనుమరాలి బారసాల కూడ ఫోనులోనే చూచుచున్నారు. తోడు లేకపోవుట కొఱతయే గాని, అది ప్రయాణమునకు అడ్డు కానక్కఱలేదు. నడుమ మారుట యనునది నేర్చుకొన్న వచ్చు విద్య. ఆ విద్యకు మన రాయలసీమలో ఒక పాత పాఠశాల కలదు. దాని పేరు డోను జంక్షను.

డోను పట్టణము మొదట కర్నూలు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లా యేర్పడినప్పటినుండి ఆ జిల్లాలోనిది. ద్రోణాచల మనునది దీనికి మఱియొక పేరు. పూర్వము సికిందరాబాదునుండి వచ్చు రైలుమార్గమును ద్రోణాచలము మార్గమనియే పిలుచుచుండిరి. చుట్టును రాతిగుట్టలు, మెట్టచేలు, గనులు. ఊరికి పేరు తెచ్చినది మాత్రము రైలే. ఉత్తరమున కర్నూలు, గద్వాల, మహబూబునగరముల మీదుగా హైదరాబాదు. తూర్పున బేతంచెర్ల, నంద్యాల, నల్లమల యడవి, గిద్దలూరు, మార్కాపురముల మీదుగా గుంటూరు. పడమట గుంతకల్లు, అచ్చటినుండి బళ్ళారి, హుబ్బళ్ళి. దక్షిణమున పెండేకల్లు దాటి గుత్తి, అచ్చటినుండి ఒకవైపున అనంతపురము, బెంగుళూరు, మఱియొకవైపున తాడిపత్రి, కడప, తిరుపతి. ఇన్ని దారులు కలియు చోట నివసించువారికి "ఎటు పోవలెను" అను ప్రశ్నకంటె "ఎచ్చట మారవలెను" అను ప్రశ్నయే ముఖ్యమని వేఱుగ చెప్పనక్కఱలేదు.

పూర్వము ఇచ్చటి దారులన్నియు మీటరుగేజివి. గుంతకల్లునుండి నంద్యాల వైపు పోవు దారిని పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున సదరన్ మరాఠా రైల్వే కంపెనీవారు వేసిరి. కర్నూలు దారి పిమ్మట వచ్చి డోనులో కలిసినది. మద్రాసు బొంబాయి మార్గము బ్రాడుగేజిది. ఆ మార్గమున వచ్చువారు గుంతకల్లులో దిగి, చిన్నబండి యెక్కి, కర్నూలు పోవలసినవారైనచో డోనులో మరల దిగవలసియుండెను. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, మంచినీళ్ల కూజా, చద్దిమూట, చంకలో బిడ్డ. వీనితో రాత్రివేళ ప్లాటుఫారము మారుట సామాన్యమైన పని కాదు. 1990వ దశకములో ఈ దారులు బ్రాడుగేజిగా మార్చబడిన పిమ్మట దూరపు బండ్లు నేరుగా పోవుచున్నవి. వేంకటాద్రి, ప్రశాంతి, అమరావతి మొదలగు ఎక్స్‌ప్రెస్సుల దారులు ఈ సీమమీదుగా నేర్పడినవే. అయినను పాతకాలపు ప్రయాణికులు నేర్చిన నాలుగు నియమములు నేటికిని చెడలేదు.

మొదటిది: చివరి ఊరివఱకు ఒకే టిక్కెట్టు కొనుట. రెండవది: నాటి ఆఖరుబండిని నమ్ముకొని బయలుదేరకుండుట. మూడవది: దిగునప్పుడును ఎక్కునప్పుడును సామాను లెక్కించుకొనుట. నాలుగవది: దారిని పోవువారిని గాక, ఉడుపు ధరించిన ఉద్యోగినే అడుగుట. ఈ నాలుగింటిని చక్కగ గ్రహించిన స్త్రీ డోనులోనే కాదు, దుబాయిలోనైనను బండి మారగలదు. ఎట్లో చూతము.

ముందుగా రైలు సంగతి. 2019 ఏప్రిల్ 1వ తేదీనుండి రైల్వేవా రొక సదుపాయమును కల్పించిరి. ఒక బండి దిగి మఱియొక బండి ఎక్కవలసినవారు రెండు టిక్కెట్లను ఒకదానితో నొకటి ముడివేయించుకొనవచ్చును. రెంటిలోను ప్రయాణికుల పేర్లు, వివరములు ఒకటిగా నుండవలెను. మొదటి టిక్కెట్టు ముగియు చోటనే రెండవది మొదలుకావలెను. ఇట్లు ముడివడిన టిక్కెట్లలో మొదటి బండి ఆలస్యమై రెండవది తప్పిపోయినచో, ప్రయాణము చేయని భాగపు సొమ్మును రద్దు రుసుము పట్టుకొనకుండ తిరిగి యిత్తురు. అయితే ఆ సంగతిని జాగుచేయక ఆ స్టేషనులోనే తెలుపవలెను. ముడి వేయని టిక్కెట్లకు ఈ రక్షణ లేదు. టిక్కెట్లు కొని తెచ్చిన కుమారుని "ముడి వేయించితివా?" అని అడుగుట మన హక్కు.

నడుమ దిగి విశ్రమింపగోరువారికి వేఱొక వెసులుబాటు కలదు. 500 కిలోమీటర్లకు మించిన టిక్కెట్టుపై, బయలుదేరిన చోటినుండి 500 కిలోమీటర్లు గడచిన పిమ్మట, ఒక స్టేషనులో దిగి రెండుదినములు నిలువవచ్చును. వేయి కిలోమీటర్లు దాటిన టిక్కెట్టుపై ఇట్లు రెండుమారులు నిలువవచ్చును. విశాఖపట్టణమునుండి గుంటూరు, నంద్యాల మీదుగా బెంగుళూరు పోవు నామె నంద్యాలలో దిగి మహానందిని సేవించుకొని, మరునాడు డోను వైపు సాగిపోవచ్చును. దిగిన స్టేషనులో టిక్కెట్టుపై గుర్తు వేయించుకొనవలెను. తరువాతి భాగమునకు బెర్తు కావలసినచో టిక్కెట్టు కొనునాడే కౌంటరులో చెప్పవలెను. రాజధాని, శతాబ్ది వంటి బండ్లకు ఈ నియమము వర్తింపదు.

ఇక విమానము. డోనునుండి విదేశము పోవు స్త్రీకి మొదటి మార్పు దుబాయిలో కాదు, మన రహదారిమీదనే మొదలగును. హైదరాబాదునుండి బెంగుళూరు పోవు 44వ నెంబరు జాతీయ రహదారి వెల్దుర్తి, డోను, ప్యాపిలి, గుత్తి మీదుగా పోవుచున్నది. 2008 మార్చిలో హైదరాబాదునకు శంషాబాదునందును, ఆ యేటనే మే నెలలో బెంగుళూరునకు దేవనహళ్ళి యొద్దను క్రొత్త విమానాశ్రయములు తెఱవబడినవి. శంషాబాదు హైదరాబాదునకు దక్షిణమున, దేవనహళ్ళి బెంగుళూరునకు ఉత్తరమున నున్నవి. అనగా రెండును మన డోను వైపే మొగము త్రిప్పియున్నవి. ఎటు పోయినను నగరపు రద్దీలో జొరబడనక్కఱలేదు. శంషాబాదు డోనునకు సుమారు 240 కిలోమీటర్లు. దేవనహళ్ళి దానికంటె కొంత దూరము. కావున ఏ నగరమునుండి విమానము చౌకగ దొరకునో అంతమాత్రమే చూడక, ఏ నగరమునుండి పోయినచో నడుమ మార్పు లొకటి తగ్గునో చూచుట మేలు.

ఇంతకంటె దగ్గఱలో ఓర్వకల్లు విమానాశ్రయము కలదు. కర్నూలు నంద్యాలల నడుమ నున్న దీనిని 2021 మార్చి 25వ తేదీన ప్రారంభించిరి. 1846లో కుంఫిణీ ప్రభుత్వముపై తిరుగబడి, 1847లో కోయిలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దీనికి పెట్టబడినది. ఇట్టి చిన్న విమానాశ్రయములలో విమానములు కొద్ది. వాని దినములును వేళలును మారుచుండును. కావున టిక్కెట్టు కొనునాడే గాక, బయలుదేరుటకు వారముముందును, ముందునాడును మరల విచారించుకొనవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఓర్వకల్లునుండి బెంగుళూరు, బెంగుళూరునుండి విదేశము అని ఒకే టిక్కెట్టు కొన్న స్త్రీ, "ఎట్లును కారు దొరకినది గదా" అని ఓర్వకల్లు విమానమును విడిచి తిన్నగ బెంగుళూరు పోయినచో, అచ్చట ఆమెకు చోటు లేదని చెప్పుదురు. టిక్కెట్టులోని మొదటి భాగమున కనబడని ప్రయాణికుని పేరును తక్కిన భాగములనుండి, ఒక్కొక్కప్పుడు తిరుగు ప్రయాణమునుండి కూడ, తీసివేయుట విమానకంపెనీల మర్యాద. ఒకే టిక్కెట్టును అది చెప్పిన క్రమముననే వాడుకొనవలెను. మార్చదలచినచో ముందుగా కంపెనీవారికి తెలుపవలెను.

తొలిసారి పోవువారిని ఎక్కువగ తికమకపెట్టునది అర్ధరాత్రి తేదీ. విమానము 15వ తేదీ తెల్లవారుజామున 4 గంటల కనుకొందము. ఇల్లాలు 15వ తేదీ యని క్యాలెండరులో గుర్తుపెట్టుకొని, 14వ తేదీ రాత్రి నిశ్చింతగ నిద్రించినచో విమానము పోయినట్లే. లెక్కను వెనుకనుండి కట్టవలెను. విదేశీ విమానమునకు మూడుగంటలు ముందుండవలెను గనుక శంషాబాదు చేరవలసినది రాత్రి 1 గంటకు. డోనునుండి రోడ్డుమీద, దారిలో ఆగుటతో గూడ, అయిదు గంటలు. అనగా రాత్రి 8 గంటలు. చక్రము పంక్చరగుటకు, దారిలో బండ్లు నిలిచిపోవుటకు రెండు గంటలు విడిచిపెట్టినచో, డోనులో గడప దాటవలసినది 14వ తేదీ సాయంకాలము 6 గంటలకు. ఆళ్లగడ్డకు రైలు లేదు గనుక అచ్చటివారు నంద్యాల, కర్నూలుల మీదుగా రోడ్డుననే పోవుదురు. వారు మఱియొక గంటో రెండో ముందు కదలవలెను. వర్జ్యము, దుర్ముహూర్తము చూచుకొను అలవాటున్నవారు ఈ గడప దాటు వేళకు చూచుకొనవలెను గాని, విమానపు వేళకు కాదు.

నడుమ విమానము మారుట రెండు విధములు. విదేశప్రయాణములో ఇరువదినాలుగు గంటలలోపల మారిపోయినచో అది కేవలము మార్పు. అంతకు మించి నిలిచినచో అది విడిది. మార్పునందు మొదటి ప్రశ్న టిక్కెట్టు ఒకటియా, రెండా అనునది. ఒకే టిక్కెట్టైనచో, మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పినప్పుడు వేఱొక విమానములో పంపవలసిన పూచీ కంపెనీవారిది. పెట్టెలును సాధారణముగా చివరి ఊరివఱకు వారే చేర్తురు. రెండు వేర్వేరు టిక్కెట్లైనచో రెండవ కంపెనీవారు "మీరు వేళకు రాలేదు" అని చేతులు దులుపుకొందురు. కొన్ని వేల రూపాయలు మిగిలినవని సంతోషించి కొన్న టిక్కెట్టుకు బదులు, పరదేశములో అప్పటికప్పుడు ఎంతో హెచ్చు వెలపెట్టి క్రొత్తది కొనవలసి వచ్చును. తొలిసారి ఒంటరిగ పోవు తల్లికి రెండు టిక్కెట్లు కొనుట పొదుపు కాదని మా అభిప్రాయము.

రెండవ ప్రశ్న వ్యవధి. ప్రతి విమానాశ్రయమునకును మార్పునకు కావలసిన కనీసపు వ్యవధి యొకటి నిర్ణయింపబడియున్నది. అది అలవాటుపడి వడిగ నడచువారికి సరిపోవును. తొలిసారి పోవు నామెకు మూడుగంటలు మంచిది. దిగినచోట పాసుపోర్టు తనిఖీయు, పెట్టెలు తీసుకొని మరల అప్పగించుటయు నున్నచో నాలుగుగంటలు. అమెరికా పోవువారు ఆ దేశములో మొదట దిగిన ఊరిలోనే తనిఖీ ముగించుకొని, సాధారణముగా పెట్టెలు తీసుకొని మరల ఇయ్యవలెను. అబూధాబి మీదుగా పోవువారికి మాత్రము 2014నుండి అమెరికా తనిఖీ అబూధాబిలోనే జరుగుచున్నది. తిరిగివచ్చునప్పుడు మన దేశమునందును ఇంతే: ఢిల్లీలోనో బొంబాయిలోనో దిగి హైదరాబాదు విమాన మెక్కవలసినవారు సాధారణముగా మొదట దిగినచోటనే కస్టమ్సు దాటవలెను. అట్లని పండ్రెండుగంటల వ్యవధియు మంచిది కాదు. కుర్చీలో కూర్చుండి పెద్దవారి కాళ్లు వాచును. మఱియు ఒకే నగరములో రెండు విమానాశ్రయము లుండవచ్చును. లండనులో హీత్రూలో దిగి గాట్విక్కులో నెక్కవలసిన టిక్కెట్టు మార్పు కాదు, మఱియొక ప్రయాణమే.

మూడవ ప్రశ్న అనుమతి. డోనులో దిగుట కెవరి సెలవును అక్కఱలేదు గాని, కొన్ని దేశములలో విమానము మారుటకు కూడ వీసా కావలెను. కెనడాలోని కుమారుని చూడబోవు తల్లి అమెరికాలో మారవలసినచో ఆమెకు అమెరికా వీసా కూడ నుండవలెను. ఐరోపా దేశముల నియమములు మారుచుండును గనుక టిక్కెట్టు కొనుటకు ముందే ఆయా దేశపు రాయబార కార్యాలయపు ప్రకటనను చూచుకొనవలెను. టిక్కెట్టు కొన్నతరువాత చూచుకొనుట పెండ్లియైన పిమ్మట జాతకము చూచినట్లు.

ఇక మన వంటింటి సంగతి. తల్లి పయనమైనదనిన పెట్టెలో ఆవకాయ, సున్నుండలు, కారప్పొడి, మసాలా లేనిదే కదలదు. మసాలా కట్టునప్పుడు గసగసాలు తీసివేయుడు. ఎమిరేట్సు దేశములో గసగసాలు మత్తుపదార్థముల జాబితాలోని నిషిద్ధ వస్తువు. మన ఇంట కుర్మాలో వేయు చిటికెడు గింజలు దుబాయి తనిఖీలో పెద్ద నేరముగ పరిణమింపవచ్చును. అచ్చట మారుటకే దిగినను వానిని వెంట నుంచుకొనుట క్షేమము కాదు. ఊరగాయ, నేయి మొదలగునవి గట్టిగ మూతవేసి కంపెనీవారి కప్పగించు పెట్టెలో నుంచవలెను. చేతిసంచిలో ద్రవపదార్థములు 100 మిల్లీలీటర్లకు మించిన సీసాలో నుండరాదు. మందులు, డాక్టరు చీటి, కళ్లద్దాలు, ఒక చీర, ఫోనునకు విద్యుచ్ఛక్తి నెక్కించు పవరుబ్యాంకు చేతిసంచిలోనే యుండవలెను. పవరుబ్యాంకును అప్పగించు పెట్టెలో పెట్టనీయరు. అమెరికాలో దిగునప్పుడు తినుబండారము లున్నవని కాగితములో ఒప్పుకొనుట మంచిది. మాంసపు పచ్చళ్లు, పండ్లు, విత్తనములు కొనిపోకుండుట మఱియు మంచిది.

నాలుగవ నియమము అడుగుట. టిక్కెట్టులోని వేళ లన్నియు ఆయా ఊళ్ల వేళలు. దుబాయి గడియారము మనకంటె గంటన్నర వెనుక, దోహాది రెండున్నర గంటలు వెనుక. దిగగానే గడియారమును సరిచేసికొని, గోడమీది పలకలో తన విమానపు సంఖ్యకు ఎదురుగ ఏ ద్వారపు సంఖ్య యున్నదో చూచుకొనవలెను. ద్వారములు మారుచుండును గనుక గంటకొకమారు మరల చూడవలెను. విమానము కదలుటకు ముందే ద్వారము మూయుదురు గనుక కాఫీ త్రాగుట ద్వారము చేరిన పిమ్మటనే. ఒక కాగితముపై తన పేరు, విమానముల సంఖ్యలు, మారవలసిన ఊరు, చివర ఎదురుకొని తీసుకొనిపోవువారి ఫోను నంబరు తెలుగులోను ఇంగ్లీషులోను వ్రాసికొని చేత నుంచుకొన్నచో, భాష రాకపోయినను ఆ కాగితమే మాటాడును. నడువలేనివారు టిక్కెట్టు కొనునాడే చక్రాల కుర్చీ కావలెనని వ్రాయించుకొనవలెను. కుర్చీ నడపువాడు ఒక విమానమునుండి మఱియొక విమానపు ద్వారమువఱకు చేర్చును. నడువగలిగియు దారి తెలియునో తెలియదో యని జంకువారు, తొలిసారి ప్రయాణమని చెప్పి తోడ్పాటు దొరకునేమో కంపెనీవారిని ముందే అడుగవచ్చును.

ఇంతవఱకు మార్పునే చెప్పితిమి. విడిదిలోని సుఖమును కూడ చెప్పవలెను. విదేశమునుండి పిల్లలతో వచ్చు కూతుండ్రు తిన్నగ ఇల్లు చేరి, మరల తిన్నగ విమానమెక్కి పోవుచున్నారు. పోవునప్పుడో వచ్చునప్పుడో మన సీమలోనే రెండుదినములు విడిది చేసినచో పిల్లలకు తాతగారి ఊరు ఇల్లొక్కటే కాదని తెలియును. ఒక పూటయే యున్నచో నంద్యాలనుండి మహానంది పోయి కోనేటిలోని తేటనీటిని చూచి రావచ్చును. ఒక దినమున్నచో బనగానపల్లె మీదుగా యాగంటియు, కొలిమిగుండ్ల యొద్ద నున్న బెలుం గుహలును చూడవచ్చును. మూడు కిలోమీటర్లకు మించిన ఆ గుహలను 1884లో రాబర్టు బ్రూసు ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు లోకమునకు తెలిపెను. 2016 ఆగస్టులో నంద్యాల ఎఱ్ఱగుంట్ల రైలుమార్గము తెఱవబడినప్పటినుండి బనగానపల్లెకును కోయిలకుంట్లకును రైలు వచ్చినది. రెండుదినములున్నచో ఆళ్లగడ్డ పోయి, శిల్పుల వీథిలో ఉలి చప్పుడు విని, అచ్చటినుండి అహోబిలము చేరవచ్చును. ఎగువ అహోబిలము, దిగువ అహోబిలము, కొండలలోని నవనారసింహ క్షేత్రములు ఒక్కపూటలో చూచుటకు కావు. విమానము నాడే అహోబిలము పెట్టుకొనుట మాత్రము తగదు. కొండదిగి పరుగెత్తు ప్రయాణములో దైవదర్శనమును దక్కదు, విమానమును దక్కదు.

నిదానమే ప్రధాన మని పెద్దలు చెప్పిన మాట ప్రయాణములో సోమరితనమును గుఱించినది కాదు. వేళను ముందుగ కొని దగ్గఱ నుంచుకొనుటను గుఱించినది. ఇంటిలో పదిమంది వంటకు బియ్యము, పప్పు, కట్టెలు, వేళ లెక్కగట్టు స్త్రీకి మూడు విమానముల లెక్క కష్టము కాదు. ఆ లెక్కను ఇంతకాలము ఇతరులు ఆమెకై కట్టిపెట్టుచుండిరి గనుక కష్టమైనదని తోచుచున్నది, అంతే. సోదరీమణులారా! తరువాతి ప్రయాణపు టిక్కెట్టు ఇంటికి వచ్చినప్పుడు దానిని పెట్టెలో దాచుటకు ముందు మీరే ఒకమారు చదువుడు. ఎన్ని టిక్కెట్లో, ఎచ్చట మారవలెనో, ఎంత వ్యవధియో, పెట్టెలెచ్చట చేరునో, ఏ అనుమతి కావలెనో మీరే అడుగుడు. సందేహమున్నచో ఒకమారు కర్నూలునకో నంద్యాలకో ఒంటరిగ పోయి, డోనులో బండి మారి రండు. అచ్చట చక్కగ మారగలిగిన కాళ్లకు దుబాయి నేల క్రొత్త కాదు.